వంతెన జనరల్‌గారి మొహం

ఆ వీధిలో అందరూ ఆయన్ని ట్రయల్ మామయ్య అనేవాళ్ళు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ, పెట్టినవాడికి బుర్ర ఉంది. లోకంలో ఏ దర్జీ అయినా కోటు సగం కుట్టాక, కుట్టించుకునే మనిషిని పిలిచి తొడిగి చూస్తాడు. ఎక్కడ వదులైందో, ఎక్కడ పట్టేసిందో సుద్దముక్కతో గీతలు పెట్టుకుంటాడు. దాన్నే ట్రయల్ అంటారు. ఈయన మాత్రం ఆ కోటు తనే తొడుక్కుని అద్దం ముందు నిలబడేవాడు. ఎందుకంటే ఆయన కుట్టేది సైన్యంలో పెద్దవాళ్ళకి, అందులోనూ ముఖ్యంగా జనరల్‌గారికి. ఆ జనరల్‌గారు ప్రాణంతో ఉండగా ఒక్కనాడూ ట్రయల్‌కి నిలబడిన పాపాన పోలేదు.

దానికో కథ ఉంది. జనరల్‌గారు కుర్ర లెఫ్టినెంటుగా ఉన్న రోజుల్లో, పక్క గుడారంలోని స్నేహితుడొకడు కొత్త కోటుకి కొలతలిచ్చి, అది కుట్టుకొచ్చేలోపే పోయాడట. ఆ కోటుతోనే పూడ్చారట. అప్పట్నుంచీ మన వీరుడికి కొలతల టేపు కనబడితే చాలు, ముచ్చెమటలు పోసేవి. ఫిరంగి పేలినా కన్నార్పని మనిషి, టేపు బయటికి తీస్తే గది వదిలి వెళ్ళిపోయేవాడు. సంగతి సైన్యం మొత్తానికి తెలుసు, పైకి ఎవరూ అనరు. బీదవాడు భయపడితే పిరికితనం, పెద్దవాడు భయపడితే అలవాటు. లోకం తీరే అంత.

అందుకని మామయ్య బంగళా గుమ్మం పక్కన నిలబడి, జనరల్‌గారు కారు దిగి మెట్లెక్కేలోపు కంటితోనే కొలిచేసుకునేవాడు. అదృష్టమో దురదృష్టమో, ఇద్దరిదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. తేడా అల్లా ఛాతీ దగ్గరే. మామయ్యకి ఉంది, జనరల్‌గారికి లేదు. ఆ లోటుని కాన్వాసు గుడ్డా, దూదీ పెట్టి పూడ్చేవాడు. పతకాలు తగిలించుకోవడానికి కాస్త ఎత్తు ఉండాలి కదా మరి. పత్రికలవాళ్ళు జనరల్‌గారి ఛాతీని గురించి రాసిన మాటలన్నీ, నిజం చెప్పాలంటే, మామయ్య దూదిని పొగిడిన మాటలే.

కాజాలు కుట్టేది మామయ్య భార్య. గుండీ దూరే కంతకి చుట్టూ చేత్తో అంచు కట్టడం ఓపికున్న పని, ఆయనకి ఓపిక తక్కువ. వీధికి ఆవిడ కాజాల అత్తయ్య. వాళ్ళకి ఒక్కడే కొడుకు, లేకలేక పుట్టినవాడు. చంటాడు అని పిలిచేవాళ్ళు. మీసాలొచ్చాయి, గొంతు మారింది, అయినా చంటాడే. సైన్యంలో చేరిననాడు కూడా అత్తయ్య వీధి చివరిదాకా వెళ్ళి "చంటీ, మఫ్లర్ మర్చిపోయావురా" అని కేకేస్తే, లారీలో ఉన్న సైనికులంతా గొల్లున నవ్వారు.

యుద్ధం వచ్చింది. ఎందుకు వచ్చిందో అప్పుడు అందరికీ తెలుసు, ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. శత్రువు నదిదాకా వచ్చేశాడు. వంతెన దాటితే ఊరే. జనరల్‌గారు వంతెన పేల్చెయ్యమన్నారు, పేల్చేశారు. శత్రువు అవతలి ఒడ్డున నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఊరు బతికింది. చిక్కల్లా ఒక్కటే. అవతలి ఒడ్డున శత్రువుకంటే ముందు మనవాళ్ళు ఉన్నారు, పోరాడి పోరాడి వెనక్కి వస్తున్న ఒక దళం. అందులో చంటాడు ఉన్నాడు. మామయ్య కొట్టుకి ఎదురుగా వాచీలు బాగుచేసే ఆయన కొడుకూ ఉన్నాడు.

వాళ్ళు అక్కడున్నారని జనరల్‌గారికి తెలుసా, తెలియదా? ఆ తర్వాత ఏళ్ళ తరబడి దేశాన్ని నిలువునా చీల్చిన ప్రశ్న ఇదే. జనరల్‌గారు మాత్రం ఎవర్నీ నిరాశపరచలేదు. యుద్ధం అయిన కొత్తలో "నాకు తెలియదు" అన్నారు. ఎన్నికల్లో నిలబడ్డప్పుడు "తెలుసు, దేశం కోసం గుండె రాయి చేసుకున్నాను" అన్నారు, జనం కళ్ళొత్తుకుంటూ ఓట్లేశారు. మంత్రి అయ్యాక ఎవరో మళ్ళీ అడిగితే "ఆ రోజు నాకు విపరీతమైన జలుబు" అన్నారు. చివర్లో ఆత్మకథ రాసుకున్నారు. అందులో వంతెనకి రెండు వాక్యాలూ, అజీర్తికి ఒక అధ్యాయమూ దక్కాయి.

కానీ అదంతా తర్వాతి మాట. వంతెన పేలిన మర్నాటినుంచి అత్తయ్య నోట ఒకటే మాట.

"మీరు ఆయన గదిలోకి తిన్నగా వెళ్ళొస్తారు కదండీ. అడగండి. మనవాడు ఇవతలికి వచ్చాడో లేదో ఆయనకి తెలీకుండా ఉంటుందా? అడిగితే నోటి ముత్యాలు రాలిపోవుగా!"

విజయోత్సవ కవాతుకి కొత్త కోటు పట్టుకుని మామయ్య బంగళాకి వెళ్ళాడు. ఆ ప్రశ్నని దారంతా నోట్లో నానబెట్టుకుంటూనే వెళ్ళాడు. జనరల్‌గారు కోటు తొడుక్కుని నిలువుటద్దం ముందు నిలబడ్డారు. గదినిండా అభినందనల పూలబుట్టలు, అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు. మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"సార్... మావాడు అవతలి ఒడ్డు దళంలో ఉన్నాడండి. వాడి సంగతేమన్నా తమకి..."

జనరల్‌గారు అద్దంలోంచే ఆయన వంక చూశారు. తర్వాత చెయ్యి ముందుకి చాపి ముంజేతి దగ్గర చూసుకున్నారు.

"చేతులు కాస్త పొడుగయ్యాయోయ్," అన్నారు.

"తగ్గిస్తానండి," అన్నాడు మామయ్య.

అంతే. ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది.

"ఏమన్నారు?"

"చేతులు పొడుగయ్యాయన్నారు."

"మీరేమన్నారు?"

"తగ్గిస్తానన్నాను."

ఆవిడ లోపలికి వెళ్ళి అన్నం గిన్నె మీద మూత పెట్టి కూర్చుంది. మామయ్యకి తిట్టినా బాగుండేదనిపించింది. కొన్నాళ్ళకి సైన్యంవాళ్ళు కబురు పంపారు, దళం ఆచూకీ తెలియడం లేదని. చనిపోయారంటే గుండె పగిలేలా ఏడ్చి ఊరుకుందురు. బతికున్నారంటే ఎదురుచూద్దురు. ఇది రెండూ కాదు. మింగలేక, కక్కలేక వాచీలాయన ఇల్లూ, మామయ్య ఇల్లూ అలా ఉండిపోయాయి.

ఇంతలో ప్రభుత్వానికి విగ్రహం మీద మనసు పుట్టింది. కమిటీ వేశారు. పెన్షన్ తీసుకుంటూ పొద్దుపోని ఓ పెద్దమనిషి దానికి ఛైర్మన్. ఊరి నడిబొడ్డున, నాలుగు రోడ్ల కూడలిలో కంచు విగ్రహం పెట్టాలన్నారు. శిల్పి వచ్చాడు. టేపుకే పారిపోయే మనిషి గంటల తరబడి శిల్పి ముందు నిలబడతాడా? "నా కోటు దర్జీ ఒంటి మీద బాగా నిలుస్తుంది, వాణ్ణి నిలబెట్టుకో" అని కబురు చేశారు జనరల్‌గారు. పైనుంచి కబురొస్తే కాదనే దర్జీ ఎవడు? మామయ్య పతకాల కోటు తొడుక్కుని, కత్తి పట్టుకుని, శిల్పి కొట్టంలో చెక్కపెట్టె మీద నిలబడ్డాడు. కొడుకుని పోగొట్టినవాడి వేషం వేసుకుని నిలబడ్డానే అని లోపల కుమిలిపోయాడు. అయినా నిలబడ్డాడు.

ఒళ్ళు మామయ్యది, మొహం ఫోటో చూసి చెక్కాలని ఏర్పాటు. శిల్పి నిజాయితీపరుడు. ఫోటోలో ఉన్నది ఉన్నట్టు బంకమట్టితో చేశాడు. లోపలికి పోయిన గడ్డం, స్ఫోటకం మచ్చలు, ఇప్పుడే నిద్రలేచినట్టున్న కళ్ళు. కమిటీ వచ్చి చూసి అదిరిపడింది.

"ఇదేమిటయ్యా, పోస్టాఫీసులో స్టాంపులమ్మే గుమాస్తాలా ఉన్నాడు!" అన్నాడు ఛైర్మన్.

"ఫోటోలో ఇలాగే ఉన్నారండీ."

"ఫోటోకేం, ఏది పెడితే అది చూపిస్తుంది. జనరల్‌గారంటే జనరల్‌గారిలా ఉండద్దూ?"

శిల్పి మళ్ళీ చేశాడు. మళ్ళీ గుమాస్తానే. మరోసారి చేశాడు, ఈసారి గుమాస్తాకి పంటినొప్పి వచ్చినట్టుందన్నారు. శిల్పికి విసుగొచ్చింది. ఎదురుగా చెక్కపెట్టె మీద ఓ మొహం ఉండనే ఉంది, ఫోటోతో పనేమిటని దాన్నే దించేశాడు. కమిటీ వచ్చింది. ఛైర్మన్ కళ్ళజోడు సవరించుకుని, రెండడుగులు వెనక్కి వేసి, "ఆఁ! ఇదీ జనరల్‌గారంటే!" అన్నాడు. "కాకపోతే కాస్త వయసు తగ్గించు. వీరుడు ముసలాడిలా ఉంటే పిల్లలకి స్ఫూర్తి ఏముంటుంది?" శిల్పి ముడతలు తుడిచేశాడు, బుగ్గలు నింపాడు, కళ్ళ కింద సంచులు తీసేశాడు. పాతికేళ్ళ వయసు అలా వేళ్ళతో నొక్కి పారేశాడు.

మామయ్య గాభరాపడ్డాడు. "బాబూ, ఇది నా మొహంలా ఉందయ్యా!"

"నోరు మూసుకో మామయ్యా. నీకూ నాకూ తప్ప మూడోవాడికి తెలీదు. తెలిసిందంటే కంచుతోపాటు మనల్నీ కరిగిస్తారు."

మూడోవాడికి తెలియదన్న మాట నిజమే. ఆవిష్కరణ రోజున జనరల్‌గారు తలెత్తి చూసి "అచ్చు గుద్దినట్టు నాలాగే ఉంది" అని మురిసిపోయారు. వీధివాళ్ళూ పోల్చుకోలేదు. దర్జీ కొట్టుకి వచ్చినవాడు అద్దంలో తనని చూసుకుంటాడు కానీ, దర్జీ మొహం ఎవడు చూస్తాడు? పైగా జనానికి కింద పలకమీద ఏ పేరుంటే పైన ఆ మొహమే కనిపిస్తుంది. ఒక్క అత్తయ్య మాత్రం తలెత్తి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గబగబా ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి ఆవిడ మామయ్య మొహం చూడడం మానేసింది. మాట్లాడేది, వడ్డించేది, కాజాలు కుట్టేది, జ్వరమొస్తే మందు పోసేది. కానీ కళ్ళు మాత్రం సూది మీదో, గిన్నె మీదో, గోడ మీదో ఉండేవి. మామయ్యకి అర్థమైపోయింది. కొడుకుని చంపినవాడికి తన మొహం అరువిచ్చాడు, ఇంక ఏ పెళ్ళాం చూస్తుంది? పైగా రోజూ తెల్లారగానే ఆవిడ బ్రెడ్డు కొనడానికని బయల్దేరి, చుట్టూ తిరిగి ఆ కూడలికి వెళ్తోందనీ, విగ్రహం కింద నిలబడి ఏదో గొణుక్కుంటోందనీ ఇరుగుపొరుగు చెప్పారు. "శాపనార్థాలు పెడుతోంది పాపం" అనుకున్నాడు మామయ్య. తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. తను మాత్రం ఆ కూడలిలో ఎప్పుడూ తల దించుకునే నడిచాడు.

ఈలోగా విగ్రహం చుట్టూ దేశం రెండు ముఠాలైంది. ఒకరు పూలవాళ్ళు, ఒకరు బురదవాళ్ళు. ఏటా వంతెన పేలిన రోజు వస్తే, పొద్దున పూలవాళ్ళు వచ్చి పూలగుత్తులు పెట్టి, ఊరిని కాపాడిన వీరుడని ఉపన్యాసాలు దంచేవాళ్ళు. సాయంత్రం బురదవాళ్ళు వచ్చి, సొంతవాళ్ళని చంపిన హంతకుడని అరిచి, బురద చల్లేవాళ్ళు. మధ్యాహ్నం భోజనాలకి విరామం. కొందరు పొద్దున పూలూ సాయంత్రం బురదా రెండూ వేసేవాళ్ళు, ఏ రోటి దగ్గర ఆ పాట. కడగాల్సిన మునిసిపాలిటీ మనిషి మాత్రం రెండు ముఠాలనీ సమానంగా తిట్టేవాడు. దేశంలో నిష్పక్షపాతంగా ఉన్నది అతనొక్కడే.

జనరల్‌గారు మంత్రిగిరీ చేసి, ఓడిపోయి, ఆత్మకథ రాసుకుని, ఓ మధ్యాహ్నం భోంచేసి పడుకుని నిద్రలోనే పోయారు. పోయినా గొడవ పోలేదు. అసలు మనిషి అడ్డు తొలగడంతో ఇంకా సులువైంది.

మామయ్య బురదవాళ్ళలో చేరాడు. వాచీలాయన అప్పటికే అందులో పెద్ద. ఇద్దరూ కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్ళు కాబట్టి సభల్లో ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. అసలు మామయ్య నలుగురిలో నోరు విప్పే రకం కాదు. కానీ పెళ్ళాం కోసం నేర్చుకున్నాడు. ఆ కంచు బొమ్మ నేలకూలిన రోజున తన ఇల్లు మళ్ళీ ఇల్లవుతుందనీ, ఆవిడ మళ్ళీ తనవంక తలెత్తి చూస్తుందనీ ఆయన ఆశ. ఏళ్ళ తరబడి వాచీలాయన భుజం పట్టుకుని ఊరూరా తిరిగాడు. మిషను తొక్కే కాళ్ళు నొప్పులు పుట్టేదాకా ఊరేగింపుల్లో నడిచాడు. చివరికి ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ళకి పాత వీరులంటే గిట్టదు. వచ్చే వారమే విగ్రహం తీసేస్తామని ప్రకటించారు.

మామయ్య బేకరీలో కేకు కొనుక్కుని, కుర్రాడిలా రెండేసి మెట్లు ఎక్కి ఇంట్లోకి వచ్చాడు.

"ఒసేయ్, తీసేస్తున్నారే! వచ్చే వారం తీసేస్తున్నారు!"

"ఏవిటి?"

"ఆ దిక్కుమాలిన విగ్రహం! నీ ఉసురు తగిలిందే ఆయనకి!"

అత్తయ్య చేతిలో గుడ్డ జారిపోయింది. "తీసేయమని ఎవరడిగారు?" అంది.

"మేమే. నేనే. ఇన్నేళ్ళూ నేను తిరిగింది దీనికోసమే కదే! నీకోసమే కదా!"

"నాకోసమా?" ఆవిడ లేచి నిలబడింది. "నాకోసం నా కొడుకుని కూలగొట్టిస్తారా?"

మామయ్యకి ఏమీ అర్థం కాలేదు. ఆవిడ చెప్పులేసుకుని, ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని, వీధిలో అందరూ చూస్తుండగా కూడలిదాకా లాక్కెళ్ళింది. విగ్రహానికి కాస్త ఎడమపక్కన, తను రోజూ నిలబడేచోట ఆయన్ని నిలబెట్టింది. "ఎత్తండి తల. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎత్తారా? ఇప్పుడైనా ఎత్తి చూడండి," అంది.

మామయ్య తలెత్తాడు. పైనుంచి చంటాడు చూస్తున్నాడు.

ముడతలు తుడిచేసి, బుగ్గలు నింపి, పాతికేళ్ళు తగ్గిస్తే తండ్రి మొహంలోంచి కొడుకు బయటపడ్డాడు. అదే నుదురు, అదే ముక్కు, నవ్వబోయి ఆపుకున్నట్టుండే అవే పెదాలు. శిల్పికి చంటాడెవరో తెలియదు, కమిటీకి తెలియదు. ఎవడి మొహం వాడికి గుర్తుండదు కాబట్టి మామయ్యకీ తెలియలేదు. తెలిసింది తల్లికొక్కదానికే. మామయ్య విగ్రహం కింది మెట్టు మీద కూలబడిపోయాడు.

"నువ్వు రోజూ వచ్చి తిట్టుకుంటున్నావనుకున్నానే," అన్నాడు.

"తిట్టడమేవిటండీ, నా తలకాయ! వీధిలో సంగతులు చెప్తాను వాడికి. ఎవరింట్లో పెళ్ళయింది, ఎవరు ఇల్లు మారారు, మీకు మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి... వాడికి ఇంకెవరు చెప్తారు?"

మరి నా మొహం ఎందుకు చూడవే అన్న ప్రశ్న మామయ్య నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడగబోయి ఆగిపోవడం ఆయనకి కొత్తేం కాదు.

ఇంక ఆయన అవస్థ చూడాలి. చేతులారా పెట్టిన మంటని చేతులతోనే ఆర్పాలి. వాచీలాయన దగ్గరికి వెళ్ళి, విగ్రహం ఉండనిద్దామన్నాడు. ఆయన చేతిలోని చిన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "నీకు మతిగానీ పోయిందా?" అన్నాడు. మామయ్య నిజం చెప్పబోయి ఆగాడు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. అది జనరల్ మొహం కాదని ఒక్కడికి తెలిసినా ఊరంతా పాకుతుంది. అప్పుడు పూలవాళ్ళే ముందు గునపాలు పట్టుకొస్తారు. ఆ కంచుకి ఇంక దిక్కుండదు.

కాబట్టి దిక్కు పూలవాళ్ళే. ఛైర్మన్ ఇంకా బతికే ఉన్నాడు, ఇప్పుడు పూలవాళ్ళకి నాయకుడు. మామయ్య గుమ్మంలో కనబడగానే ఆయనకి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. కొడుకుని పోగొట్టుకున్న తండ్రే వచ్చి విగ్రహం తీయద్దంటున్నాడంటే ఇంతకంటే ఏం కావాలి!

"అయితే మీరు సభలో మాట్లాడాలి," అన్నాడు ఛైర్మన్. "ఎక్కువ అక్కర్లేదు. వంతెన పేల్చడం ఒప్పేనని ఒక్క మాట. మీ నోటితో మీరంటే ప్రభుత్వం తోకముడుస్తుంది."

"విగ్రహం ఉండాలంటాను సార్. ఆ మాటొక్కటీ..."

"అది మేమూ అంటాం. దానికి మీరెందుకు?"

సభ విగ్రహం కిందే పెట్టారు. కూడలి కిక్కిరిసిపోయింది. పూలవాళ్ళు ఓ పక్క, బురదవాళ్ళు ఓ పక్క, మధ్యలో పోలీసులు. బురదవాళ్ళ ముందు వరసలో వాచీలాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామయ్య మైకు ముందుకి వచ్చాడు. వెనకాల, తలపైన, చంటాడు ఉన్నాడు. తిరిగి చూడలేదు. చూస్తే ఆ మాట రాదని తెలుసు.

"మావాడు... ఆ ఒడ్డున ఉన్నాడు," అన్నాడు. మైకు కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. "జనరల్‌గారు చేసింది... ఒప్పే."

చప్పట్లతో కూడలి దద్దరిల్లింది. ఛైర్మన్ వచ్చి కావలించుకున్నాడు. ఫోటోలు తీశారు. వాచీలాయన అరవలేదు, బురద వెయ్యలేదు. జనాన్ని తప్పించుకుంటూ మెల్లగా వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి తన కొట్లో బల్లని అటువైపు తిప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మామయ్యకి ఎప్పుడు తల తిప్పినా ఆయన వీపే కనిపించేది. ఇన్నేళ్ళ స్నేహం అలా పోయింది.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య మంచినీళ్ళు ఇచ్చింది.

"అన్నారా?"

"అన్నాను. వాడి కాళ్ళ దగ్గర నిలబడి అన్నాను."

"ఎందుకన్నారో వాడికి తెలుసు లెండి," అంది ఆవిడ, గ్లాసు వంక చూస్తూ.

ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఏ ఎండకి ఆ గొడుగు పట్టడం తెలిసిన ప్రభుత్వం కాబట్టి, తగ్గడమే కాదు, ముందుకి కూడా దూకింది. విగ్రహం తీసేస్తామన్నవాళ్ళే విగ్రహాన్ని బాగుచేయిస్తామన్నారు. చుట్టూ తెర కట్టారు. మామయ్య, అత్తయ్య సంతోషించారు. బురద మరకలు పోతాయి, వాడు శుభ్రంగా ఉంటాడు అనుకున్నారు. అత్తయ్య తెర పక్కనే నిలబడి కబుర్లు చెప్పి వచ్చేది.

ఓ రోజు ఛైర్మన్ కొట్టుకే వచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"మీ మాటల వల్ల జనరల్‌గారి మీద జనానికి గౌరవం ఎంత పెరిగిందనుకున్నారు! మ్యూజియంవాళ్ళు పాత ఫోటోలన్నీ బయటికి తీశారు. పోల్చి చూస్తే మన విగ్రహం మొహం కాస్త తేడాగా ఉందన్నారు. ఇంత గొప్పవాడికి సరైన మొహం లేకపోతే ఎలా? అందుకని తల మార్పిస్తున్నాం. అసలైన మొహం!"

మామయ్య చేతిలో కత్తెర ఆగిపోయింది. "మరి పాత తల, సార్?"

"కంచు వృథా చేస్తామా ఏవిటి? దాన్నే కరిగించి కొత్తది పోస్తున్నారు."

మామయ్య మెడలో టేపు మెడలోనే ఉండగా పరుగెత్తాడు. పోతపని కొట్టం ఊరి చివర ఉంది. ఆ మోకాళ్ళతో ఆయన అంత దూరం ఎలా పరుగెత్తాడో ఆయనకే తెలియదు. వెళ్ళేసరికి కొలిమి చల్లారింది. పనివాడు అచ్చు పగలగొట్టి, కొత్త తల మీద మట్టి దులుపుతున్నాడు. లోపలికి పోయిన గడ్డం, స్ఫోటకం మచ్చలు, ఇప్పుడే నిద్రలేచినట్టున్న కళ్ళు. తన కొడుకు మొహం కరిగించి ఆ మచ్చలు పోశారు. మామయ్య దాని మీద చెయ్యి పెట్టాడు. ఇంకా వెచ్చగానే ఉంది. పసిబిడ్డని పోగొట్టుకున్నవాడిలా పెద్దపెట్టున ఏడ్చాడు. పనివాడు కంగారుపడి, "జనరల్‌గారంటే మీకంత అభిమానమా పెద్దాయనా?" అని నీళ్ళిచ్చాడు.

తెర తీసిన రోజున కూడలిలో పూలవాళ్ళు పూలతో నిలబడి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "ఎవరండీ ఈయన? జనరల్‌గారిలా లేడే!" అన్నారు. ఛైర్మన్ ఫోటో చూపించాడు. "ఫోటోదేముంది లెండి" అన్నారు. బురదవాళ్ళూ వచ్చి చూసి, గుమాస్తాలా ఉన్న ఆ మొహం మీద బురద వెయ్యడానికి చెయ్యి రాక, బకెట్లు అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. అసలు మొహం పెట్టాక జనరల్‌గారు అభిమానులకీ పనికిరాలేదు, శత్రువులకీ పనికిరాలేదు.

మామయ్య ఇంటికి వచ్చేసరికి అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చేతుల్లో పనేమీ లేదు.

"చూశాను," అంది, ఆయన నోరు తెరవకముందే.

"నావల్లే అయిందే. నేను ఆ మాట అనకపోతే ఊరికే కూల్చి పడేసేవాళ్ళు. ఏ తుక్కు కొట్లోనో వెతికి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకునేవాళ్ళం. ఆ వాచీలాయన్నీ పోగొట్టుకున్నాను, వీణ్ణీ..."

"ఇలా వచ్చి కూర్చోండి."

ఎదురు కుర్చీలో వెలుతురు తన మీద పడేలా కూర్చోమంది. కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి చాపి ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. తర్వాత తలెత్తి చూసింది. నుదురు చూసింది, ముక్కు చూసింది, పలచబడ్డ జుట్టు చూసింది. బుగ్గల మీది ముడతల్ని ఒక్కొక్కటీ వేలితో తడిమింది.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని చూడాలంటే భయమేసేదండీ," అంది. "అక్కడ వాడు కుర్రాడిలా ఉండేవాడు. మిమ్మల్ని చూస్తే వాడికి ఈ వయసు రాకుండానే పోయిందని గుర్తొచ్చేది." ఆవిడ చెయ్యి ఆయన చెంప మీదే ఉండిపోయింది. "ఉండి ఉంటే వాడికీ జుట్టు ఇక్కడే పలచబడేది. కళ్ళ కింద ఇలాగే సంచులొచ్చేవి. వాడూ మీలాగే ముసలాడయ్యేవాడు."

మామయ్య ఇంక ఆపుకోలేకపోయాడు. పెదాలు వణికాయి, మొహమంతా ముడుచుకుపోయింది.

"ఏడవకండి," అంది ఆవిడ. "మొహం మారిపోతోంది. కాసేపు నన్ను చూడనివ్వండి."